బోటు ఏడాదికి ఎన్ని గంటలు తిరుగుతుంది? లేక్ లేనియర్ దగ్గరి మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

అట్లాంటాకు ఉత్తరాన కమ్మింగ్, ఆల్ఫారెటా, సువానీ వైపు తెలుగువాళ్లు పెరిగిన కొద్దీ లేక్ లేనియర్ మీద మన బోట్లూ పెరిగాయి. మార్చి రాగానే వాట్సాప్ గ్రూపుల్లో అవే సందేహాలు మొదలవుతాయి. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట పెట్టాను. ధర, రంగు, స్పీకర్ల గురించి అందరూ కొనకముందే అడుగుతారు. "ఇంతకీ ఏడాదిలో ఎన్ని గంటలు నడుపుతాం?" అన్నది మాత్రం కొన్నాక అడుగుతారు. అందుకే దాన్ని ముందుకు తెచ్చాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## కొనాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

మామూలుగా సొంత బోటు ఉన్నవాళ్లు ఏడాదికి ఎన్ని గంటలు నడుపుతారు?

అమెరికాలో పాత బోట్లు కొని అమ్మేవాళ్లు వేసుకునే మోటు లెక్క ఏడాదికి 50 నుంచి 100 గంటలు. గంట అంటే ఇంజిన్ తిరిగిన గంట, మీరు నీళ్ల మీద గడిపిన గంట కాదు. 100 దాటించేవాళ్లు బోటుని గట్టిగా వాడుతున్నట్టే. ఉద్యోగాలు, బడికెళ్లే పిల్లలు ఉన్న ఇంట్లో 30, 40 గంటలు వచ్చినా సిగ్గుపడాల్సింది లేదు.

కారు లెక్కతో పోలిస్తే ఈ అంకె ఎంత చిన్నదో తెలుస్తుంది. ఏడాదికి 12,000 మైళ్లు, సగటున గంటకు 40 మైళ్ల వేగంతో తిరిగితే కారు ఇంజిన్ 300 గంటలు పనిచేస్తుంది. కాకపోతే కారు హైవే మీద 2,000 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర హాయిగా పోతుంది, బోటు ఇంజిన్ మామూలు వేగానికే 3,500 పైన తిరగాలి. నీళ్లను తోసుకుంటూ పోవాలి కాబట్టి దానికి దిగుడు రోడ్డు అనేది ఎప్పుడూ దొరకదు.

పొద్దున్నే వెళ్లి సాయంత్రానికి వస్తాం కదా. అంటే రోజుకి ఎనిమిది గంటలు పడవా?

పడవు. శనివారం మనవాళ్లు బోటు మీద వెళ్తే రోజు ఎలా గడుస్తుందో చూడండి. రాంప్ (బోటుని నీళ్లలోకి దించే వాలు దారి) దగ్గర బోటు దింపి, అలలు లేపకూడదని పెట్టిన నో-వేక్ బోర్డులు దాటేదాకా నెమ్మదిగా పోవడానికి పావుగంట. నచ్చిన మూల చేరడానికి ఇరవై నిమిషాలు. అక్కడ లంగరు వేశాక పులిహోర డబ్బా తెరుచుకుంటుంది, పిల్లలు నీళ్లలోకి దూకుతారు, పెద్దవాళ్లు కార్డులు తీస్తారు. నాలుగైదు గంటలు ఇంజిన్‌కి పని ఉండదు. పిల్లలు గోల చేస్తే బోటు వెనక గాలి నింపిన ట్యూబ్ కట్టి గంటసేపు లాగుతారు. తర్వాత తిరుగు ప్రయాణం. మొత్తం కలిపితే ఇంజిన్ గంటలు లెక్కపెట్టే మీటరు మీద రెండు గంటలు, మహా అయితే మూడు.

ఇది మంచి విషయమే. మీరు కొంటున్నది ఆ లంగరు వేసిన నాలుగు గంటల్ని. ఇంజిన్ మిమ్మల్ని అక్కడికి చేరుస్తుంది, అంతే. అందుకే మీటరు తక్కువ చూపించిందని బోటు వాడలేదని అనుకోకండి.

మా ఇంటి పరిస్థితుల్లో సీజన్‌కి ఎన్నిసార్లు కుదురుతుంది?

కొనేముందు క్యాలెండర్ ముందేసుకుని కూర్చోండి. లేనియర్ మీద ఈత కొట్టేంత వెచ్చదనం మే నుంచి సెప్టెంబరు చివరి దాకా. అంటే ఇరవై రెండు వారాంతాలు. ఇక కొట్టేయడం మొదలుపెట్టండి.

మొదట ఇండియా ప్రయాణం. జార్జియాలో బడులు మే చివర మూసి ఆగస్టు మొదట్లోనే తెరుస్తారు కాబట్టి మన కుటుంబాలు ఊరెళ్లేది సరిగ్గా జూన్, జులైల్లోనే. బోటుకి అవే బంగారం లాంటి నెలలు. తానా, ఆటా లాంటి మహాసభలు ఎక్కువగా జులై మొదటి వారం చుట్టూ పెడతారు. ఆ తర్వాత పుట్టినరోజులు, గృహప్రవేశాలు, పిల్లల కూచిపూడి క్లాసులు, ఆదివారం క్రికెట్. వీటికి తోడు మధ్యాహ్నం మూడింటికి విరుచుకుపడే జార్జియా ఉరుముల వాన. చివరికి పది, పన్నెండు రోజులు మిగిలితే అదృష్టం. 12 రోజులు, రోజుకి 3 గంటల చొప్పున 36 గంటలు. ఈ అంకె చూశాక కూడా కొనాలనిపిస్తే నిశ్చింతగా కొనండి.

ఒక మాట మాత్రం చెప్పాలి. వారం మధ్యలో సాయంత్రం ఆరింటికి లాగౌట్ అయి గంటన్నర తిరిగి రాగలిగేవాళ్ల లెక్క వేరు. రేవు పదిహేను నిమిషాల దూరంలో ఉండి, బోటు ఎప్పుడూ నీళ్లలోనే ఉంటే గంటలు చాలా తేలిగ్గా పెరుగుతాయి. ట్రైలర్ తగిలించి, రాంప్ దగ్గర వరసలో నిలబడి, తిరిగొచ్చి కడిగి పెట్టాలంటే ప్రతి ట్రిప్పుకీ అదనంగా రెండు గంటల చాకిరీ. రెండో ఏడాదికి బోటు కవర్ కింద ఉండిపోయేది ఎక్కువగా ఈ చాకిరీ వల్లే. నన్నడిగితే, బోటు సైజు తగ్గించుకుని అయినా దగ్గరలో స్లిప్ (రేవులో బోటు కట్టుకునే చోటు) అద్దెకు తీసుకోమంటాను.

గంట లెక్కన చూస్తే అద్దెకు తీసుకోవడమే చవక కాదా?

చాలామందికి చవకే. స్లిప్ అద్దె, ఇన్సూరెన్స్, సర్వీసు, వింటరైజింగ్ (చలికి ఇంజిన్ పాడవకుండా సిద్ధం చేయడం) అన్నీ కలిపి ఏడాదికి 6,000 డాలర్లు అవుతుందనుకోండి. 30 గంటలు నడిపితే గంటకు 200 డాలర్లు. పెట్రోలు, లోను వాయిదా, బోటు విలువలో తరుగుదల ఇందులో కలపలేదు. అదే 100 గంటలు నడిపితే గంటకు 60. ఖర్చులో ఎక్కువ భాగం నడిపినా నడపకపోయినా తప్పదు కాబట్టి తక్కువ నడిపేవాళ్లకే బోటు ఖరీదైన వస్తువు.

ఏడాదికి నాలుగైదు రోజులే అంటే అద్దె బోటు. నెలకి రెండు మూడుసార్లు అంటే ఫ్రీడమ్ బోట్ క్లబ్ లాంటి సభ్యత్వాలు కూడా చూడండి. వాటిలో ఇబ్బందల్లా పండగ వారాంతాల్లో బోటు దొరకడమే. మీరు పండగలకే వెళ్లే రకమైతే ఆ విషయం సంతకం పెట్టకముందే అడగండి.

ఏ రకం బోటుకి ఎక్కువ గంటలు పడతాయి?

వేక్‌సర్ఫ్ బోట్లకి, అంటే వెనక లేచే అల మీద సర్ఫింగ్ చేయడానికి వాడేవాటికి. ఒకరి తర్వాత ఒకరు ఎక్కుతూనే ఉంటారు, ఇంజిన్ ఆగదు. పాంటూన్ (గొట్టాల మీద తేలే చదునైన బోటు) ఎక్కువసేపు లంగరు మీదే ఉంటుంది. చేపలు పట్టే బోట్లు అటూ ఇటూ పరిగెత్తేది కాసేపే, మిగతాదంతా కరెంటు ట్రోలింగ్ మోటారు మీద. జెట్ స్కీకి ఏడాదికి 30 గంటలు మామూలు. అద్దెకు తిప్పినవి, గైడ్లు వాడినవి ఏడాదికి వందల గంటలు తిరిగి ఉంటాయి.

## పాత బోటు చూడటానికి వెళ్లినప్పుడు

పదేళ్ల బోటు, 120 గంటలే తిరిగిందట. వెంటనే తీసుకోమంటారా?

ఆగండి. ఏడాదికి 12 గంటలంటే ఆ బోటు తన జీవితంలో ఎక్కువ భాగం ఊరికే నిలబడింది. కారు విషయంలో తక్కువ మైళ్లు అంటే మనకి ప్రాణం లేచొస్తుంది. అదే అలవాటుతో బోటుకీ ఎగబడతాం. నీళ్లలో వాడే యంత్రాలు నిలబడితేనే ఎక్కువ పాడవుతాయి.

ఎక్కడ పాడవుతుందో చెప్తాను. ఇంజిన్‌కి చల్లటి నీళ్లు తోడే పంపులో ఇంపెల్లర్ అనే చిన్న రబ్బరు చక్రం ఉంటుంది. పంపు లోపల దాని రెక్కలు ఒక పక్కకి వంగి ఉంటాయి. ఏళ్ల తరబడి తిరక్కపోతే ఆ వంపులోనే బిగుసుకుపోతాయి. బయటికి తీస్తే కొన్ని రెక్కలు నిటారుగా, కొన్ని పడుకున్నట్టు కనిపిస్తాయి. కొత్త యజమాని మొదటి వేసవిలో అవి తెగి, నీళ్లు అందక ఇంజిన్ వేడెక్కుతుంది. స్టెర్న్‌డ్రైవ్ (ఇంజిన్ లోపల, ప్రొపెల్లర్ భాగం వెనక బయట ఉండే రకం) అయితే రబ్బరు బెలోస్ (ముడతల గొట్టాలు) చూడాలి. అవి గంటలతో సంబంధం లేకుండా వయసుతోనే పగుళ్లు తీస్తాయి, పగిలితే నీళ్లు లోపలికి వస్తాయి. పెట్రోలు గొట్టాలూ అంతే.

ప్రొపెల్లర్ దగ్గర గేర్లుండే కింది గేర్‌కేస్ నుంచి కొంచెం ఆయిల్ దింపించి చూడండి. పాలు పోసిన కాఫీ రంగులో ఉంటే లోపలికి నీళ్లు చేరాయన్నమాట. ట్రైలర్ టైర్ల మీద తయారీ తేదీ నాలుగు అంకెల్లో ఉంటుంది, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 1815 అని ఉంటే అది 2015లో 18వ వారంలో తయారైన టైరు. గాలి నిండుగా ఉందని మోసపోవద్దు.

ఏటా 50, 60 గంటలు తిరిగి, ప్రతి సర్వీసుకీ రసీదు ఉన్న బోటు పక్కనే ఉంటే నేను దానివైపే చూస్తాను. ఏదైనా సరే, ఇల్లు కొనేటప్పుడు ఇన్‌స్పెక్షన్ చేయిస్తాం కదా, అలాగే మెరైన్ సర్వేయర్‌కి చూపించి, నీళ్ల మీద నడిపాకే డబ్బు కట్టండి.

మీటరు చూపించే గంటల్ని నమ్మొచ్చా?

పూర్తిగా నమ్మకూడదు. పాత బోట్లలో చాలా మీటర్లు తాళం తిప్పి ఉన్నంతసేపూ తిరుగుతాయి. పాటల కోసం తాళం ఆన్‌లో పెట్టుకుని కూర్చుంటే ఆ గంటలూ కలుస్తాయి. కొన్ని మీటర్లు మధ్యలో ఆగిపోతాయి, కొన్ని మార్చేసి ఉంటారు.

కొత్త తరం ఇంజిన్లలో కంప్యూటర్ ఉంటుంది. మెకానిక్ తన పరికరం తగిలిస్తే మొత్తం గంటలే కాకుండా ఏ ఆర్‌పీఎం దగ్గర ఎన్ని గంటలు నడిచిందో కూడా చెబుతుంది. 300 గంటల్లో సగం ఐడిల్ (ఇంజిన్ అతి తక్కువ వేగం) మీద, నో-వేక్ వేగంలో గడిస్తే ఒక కథ. ఎక్కువ భాగం ఫుల్ థ్రాటిల్ మీద గడిస్తే ఇంకో కథ. ఆ కాగితం ఇవ్వడానికి అమ్మేవాళ్లు వెనకాడితే బేరం అక్కడే ఆపేయొచ్చు.

ఎన్ని గంటలు దాటితే ఇంజిన్ పని అయిపోయినట్టు?

పెట్రోలు ఇన్‌బోర్డులకి (బోటు లోపల బిగించిన ఇంజిన్లకి) 1,500 గంటల దాకా అని వాడుకలో ఉన్న లెక్క. బాగా చూసుకున్న ఫోర్ స్ట్రోక్ అవుట్‌బోర్డులు (బోటు వెనక బయట తగిలించే ఇంజిన్లు) 2,000 దాటినవీ ఉన్నాయి. డీజిల్ ఇంజిన్లు 5,000 గంటలు మామూలుగానే నడుస్తాయి. ఏడాదికి 40 గంటలు నడిపే కుటుంబానికి 1,500 గంటలు రావడానికి ముప్పై ఏడేళ్లు పడుతుంది. అరిగి పోయేలోపే తుప్పు, చలికి వచ్చిన పగుళ్లు, చెడిపోయిన పెట్రోలు దాని పని పడతాయి.

## మొదటి సీజన్‌లో

కొత్త ఇంజిన్‌ని మొదట్లో ఎలా నడపాలి?

మాన్యువల్‌లో బ్రేక్-ఇన్ అని ఒక పేజీ ఉంటుంది, బోటు నీళ్లలో దింపకముందే అది చదవండి. యమహా ఫోర్ స్ట్రోక్‌లకి మొదటి 10 గంటలు ఈ పద్ధతిలో నడపాలి. మొదటి గంట నెమ్మదిగా, రెండో గంట కొంచెం పెంచి, ఆ తర్వాత ఫుల్ థ్రాటిల్ ఒకేసారి 5 నిమిషాలకు మించకుండా. ఒకే వేగంలో గంటల తరబడి పోకూడదు. యమహా, సుజుకీ, హోండా అవుట్‌బోర్డులకి మొదటి సర్వీసు 20 గంటల దగ్గరే వస్తుంది. మన వాడకానికి అది తొలి వేసవి మధ్యలో పడుతుంది కాబట్టి ముందే అపాయింట్‌మెంట్ తీసుకోండి. జులైలో మెకానిక్ దొరకడు.

నడపడానికి లైసెన్సు కావాలా?

జార్జియాలో 1998 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు మోటారు బోటు నడపాలంటే బోటింగ్ కోర్సు పూర్తి చేసి ఉండాలి. ఆన్‌లైన్‌లో చేయొచ్చు. మీరు అంతకుముందు పుట్టినా చేయండి, ఇన్సూరెన్స్ తగ్గించే కంపెనీలూ ఉన్నాయి. రేవులు, ఇతర బోట్లు, ఈత కొట్టేవాళ్లకి 100 అడుగుల లోపల ఐడిల్ వేగం దాటకూడదు. 13 ఏళ్ల లోపు పిల్లలు బోటు కదులుతున్నంతసేపూ లైఫ్ జాకెట్ వేసుకునే ఉండాలి. 26 అడుగుల లోపు బోట్లలో వేగంగా పోయేటప్పుడు కటాఫ్ స్విచ్ తాడు (మనిషి పడిపోతే ఇంజిన్‌ని ఆపేది) నడిపేవాళ్లకి తగిలించి ఉండాలన్నది 2021 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా ఉన్న నిబంధన. తాగి నడిపితే కారుకి ఉన్నట్టే 0.08 పరిమితి ఇక్కడా ఉంది.

అమ్మానాన్న ఇండియా నుంచి వచ్చారు. వాళ్లని ఎంతసేపు తిప్పొచ్చు?

గంట, గంటన్నర చాలు. పొద్దున పదిలోపు నీళ్లు ప్రశాంతంగా ఉంటాయి. మధ్యాహ్నం పెద్ద బోట్ల అలలకి నడుము నొప్పి ఉన్నవాళ్లకి చుక్కలు కనిపిస్తాయి. ముందు వైపు కూర్చోబెట్టకండి, కుదుపు అక్కడే ఎక్కువ. పాంటూన్ అయితే ఎక్కడం దిగడం సులువు.

లైఫ్ జాకెట్ అనగానే "ఎందుకురా, దగ్గరే కదా" అంటారు. వినకండి. 2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు దగ్గర పాపికొండల బోటు మునిగిన సంగతి వాళ్లకీ గుర్తుంటుంది, ఆ మాట చెబితే మారుమాట్లాడకుండా వేసుకుంటారు. ఇక్కడి కోస్ట్‌గార్డ్ లెక్కల్లో కూడా 2023లో మునిగి చనిపోయినవాళ్లలో, జాకెట్ సంగతి నమోదైన వాళ్ల వరకు చూస్తే, 87 శాతం మంది అది వేసుకోలేదు.

## సీజన్ నడుస్తుండగా

గంట నడిపితే పెట్రోలు ఎంత తాగుతుంది?

ఫుల్ థ్రాటిల్ మీద హార్స్‌పవర్‌లో పదో వంతు గ్యాలన్లు అనుకోండి. 150 హార్స్‌పవర్ అయితే గంటకు దాదాపు 15 గ్యాలన్లు. మామూలు క్రూజింగ్‌లో అందులో సగం. ఐడిల్‌లో గ్యాలన్ కూడా పట్టదు. రేవులో పోయించుకుంటే రోడ్డు మీది బంకు కంటే ధర ఎక్కువ. బంకులో పోయించుకునేటప్పుడు అన్‌లెడెడ్ 88 గొట్టం ముట్టుకోవద్దు. చవగ్గా కనిపిస్తుంది గానీ అందులో 15 శాతం ఇథనాల్, బోటు ఇంజిన్లలో దాన్ని వాడటం చట్టరీత్యా కూడా కుదరదు.

ఈ ఏడు 30 గంటలే నడిపాం. సర్వీసు వచ్చే ఏడాదికి వాయిదా వేయొచ్చా?

వద్దు. "100 గంటలు లేదా ఏడాది, ఏది ముందైతే అది" అని మాన్యువల్‌లో ఉంటుంది. మనలాంటివాళ్లకి ఎప్పుడూ ఏడాదే ముందొస్తుంది. నడిచినా నడవకపోయినా ఆయిల్‌లో తేమ చేరుతుంది. ఇంపెల్లర్‌ని కూడా గంటల కోసం ఎదురుచూడకుండా రెండు మూడేళ్లకోసారి మార్పించండి. ఆ రబ్బరు ముక్క ఖరీదు వేడెక్కి చెడిన ఇంజిన్ రిపేరు ముందు లెక్కలోకి కూడా రాదు.

ఇంజిన్ ఆన్‌లో ఉంచి వెనక మెట్టు మీద కూర్చుంటే ఏమైనా నష్టమా?

గంటలు పెరగడం చిన్న నష్టం. అసలు ప్రమాదం కార్బన్ మోనాక్సైడ్. పొగ బయటికొచ్చేది వెనక నుంచే, అందులోని ఈ వాయువుకి వాసన ఉండదు. పిల్లలు వెనక మెట్టు పట్టుకుని ఆడుతుంటే ఇంజిన్ ఆపేసే ఉండాలి. ప్రొపెల్లర్ భయం సరేసరి. పాటల కోసమైతే వేరే బ్యాటరీ పెట్టించుకోండి.

లేక్‌లో నీళ్లు తగ్గితే బోటు తిరగదా?

లేనియర్ నిండు మట్టం సముద్రమట్టానికి 1,071 అడుగులు. బఫోర్డ్ డ్యామ్ నుంచి నీళ్లు వదిలేది ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్. 2007 కరువులో డిసెంబరు చివరికి మట్టం 1,051 దాకా పడిపోయింది. అలాంటప్పుడు రాంపులు మూసేస్తారు, రేవులు మట్టిమీద కూర్చుంటాయి, కింద మునిగిన చెట్ల మోళ్లు ప్రొపెల్లర్‌కి దగ్గరవుతాయి. అలాంటి ఏడు మీటరు కదలదు, ఖర్చు మాత్రం ఆగదు. ఇంటి రేవు ఉన్న ప్లాటు కొనేవాళ్లు నిండుగా ఉన్నప్పుడు తీసిన ఫొటో చూసి మురిసిపోకుండా రేవు చివర లోతు ఎంతో అడగండి.

## చలికాలంలో

మన లేక్ గడ్డకట్టదు కదా, వింటరైజ్ ఎందుకు?

లేక్ గడ్డకట్టదు, ఇంజిన్ లోపల మిగిలిన నీళ్లు గడ్డకడతాయి. ఇన్‌బోర్డ్, స్టెర్న్‌డ్రైవ్ ఇంజిన్ల బ్లాకులో నీళ్లు నిలుస్తాయి. జనవరిలో ఒక్క రాత్రి గట్టిగా చలి పడితే చాలు, ఇనుప బ్లాకు చీలుతుంది. నీళ్లు దింపి, విషం కాని గులాబీ రంగు యాంటీఫ్రీజ్ నింపిస్తారు. అవుట్‌బోర్డుల్ని నిటారుగా కిందికి దించి పెడితే నీళ్లు వాటంతట అవే కారిపోతాయి. ఇవన్నీ చేయకముందే పెట్రోలులో స్టెబిలైజర్ (పెట్రోలు చెడకుండా ఉంచే మందు) పోసి, అది ఇంజిన్ దాకా చేరేలా పది నిమిషాలు నడిపి ఆపండి.

శీతాకాలంలో డ్రైవ్‌వేలో నెలకోసారి స్టార్ట్ చేస్తే మంచిదా?

యాంటీఫ్రీజ్ పోయించాక ముట్టుకోకండి. మధ్యలో నడపాలనిపిస్తే నీళ్ల గొట్టం తగిలించే నడపాలి, తర్వాత మళ్లీ మొత్తం దింపాలి. నీళ్లు లేకుండా "ఒక్క నిమిషం" నడిపినా ఇంపెల్లర్ కాలిపోతుంది.

మిన్నెసోటా, ఫ్లోరిడాలో ఉన్నవాళ్ల లెక్క ఏంటి?

మిన్నెసోటాలో చాలా చెరువుల మీద మంచు ఏప్రిల్‌లోగానీ కరగదు, సెప్టెంబరు దాటితే కవర్ కప్పేయాల్సిందే. సీజన్ చిన్నది కాబట్టి వాళ్లు ఒక్క వారాంతం వదలరు, అందుకని గంటలు మనకంటే తక్కువేం రావు. ఫ్లోరిడాలో పన్నెండు నెలలూ నడపొచ్చు. అక్కడ బాధ ఉప్పునీరు. వచ్చిన ప్రతిసారీ మంచినీళ్లతో ఇంజిన్‌ని కడగాలి, జూన్ నుంచి నవంబరు దాకా తుఫానుల టెన్షన్ ఉండనే ఉంటుంది.

## అమ్మేటప్పుడు

గంటలు ఎక్కువుంటే ధర పడిపోతుందా?

ఏడాదికి 100 దాటితే కొనేవాళ్లు బేరానికి దిగుతారు. అంతకంటే తక్కువైతే కాగితాలే ధర నిలబెడతాయి. ఏడేళ్ల బోటు, 350 గంటలు, ఏటా సర్వీసు రసీదు, ఏ శీతాకాలం ఎవరు వింటరైజ్ చేశారో రాసిన పుస్తకం. ఇవన్నీ చూపించగలిగితే 100 గంటల బోటు యజమానికంటే మీరే ధీమాగా ధర చెప్పొచ్చు. మీటరు మార్పించి ఉంటే పాతదాని అంకె, మార్చిన తేదీ ముందే చెప్పేయండి.

ఏ నెలలో అమ్మకానికి పెట్టాలి?

మార్చి, ఏప్రిల్. పుప్పొడి పడుతుంటుంది కాబట్టి ఫొటోలు తీసేరోజు పొద్దున్నే కడగండి, లేదంటే తెల్లబోటు పసుపు రాసినట్టుంటుంది. చూడటానికి వచ్చేవాళ్ల ముందు ఇంజిన్‌ని అప్పుడే మొదటిసారి స్టార్ట్ చేయనివ్వండి. ముందే వేడి చేసి ఉంచితే తెలిసినవాళ్లు చెయ్యి పెట్టి చూసి వెళ్లిపోతారు. అక్టోబరులో అమ్మాల్సి వస్తే శీతాకాలం ఖర్చులు వాళ్ల నెత్తిన పడతాయి కాబట్టి కొంత తగ్గించక తప్పదు.